మంచి బ్రీడర్‌ను ఎలా ఎంచుకోవాలి: కుక్కపిల్లను తెచ్చుకునే ముందు చేయవలసిన పరిశీలన

ఎనిమిది వారాల కుక్కపిల్లలన్నీ ముద్దుగానే ఉంటాయి. నిర్లక్ష్యంగా పుట్టించిన పిల్లకూ, ఎంతో ఆలోచించి పుట్టించిన పిల్లకూ ఆ వయసులో కంటికి కనిపించే తేడా చాలా తక్కువ. తుంటి కీలు పాడవడం, గుండె కవాటం జబ్బు, చూపు మందగించడం, మితిమీరిన భయం వంటివి బయటపడడానికి నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది. అప్పటికి ఆ కుక్క మీ ఇంట్లో ఒకటై పోయి ఉంటుంది. అందువల్ల పిల్లను చూసి బ్రీడర్ ఎలాంటివారో తేల్చడం సాధ్యం కాదు. ఆ పిల్ల తల్లి కడుపున పడక ముందు బ్రీడర్ ఏ తల్లిని, ఏ తండ్రిని, ఏ ఆధారాలను చూసి ఎంచుకున్నారన్నదే మీరు పరీక్షించవలసిన విషయం. కింద చెప్పిన పనులన్నీ ఆ ఒక్క ప్రశ్నకు జవాబు రాబట్టడం కోసమే.

1. జాతికి వచ్చే జబ్బులను ముందుగా తెలుసుకోండి

బ్రీడర్‌ను వెదకడానికి ముందే, మీరు కోరుకునే జాతికి వంశపారంపర్యంగా వచ్చే జబ్బులేమిటో, వాటిని పట్టుకునే పరీక్షలేమిటో ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. ఈ పని చేయకుండా వెళితే బ్రీడర్ చెప్పిన మాటే మీకు ప్రమాణమవుతుంది.

లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్, జర్మన్ షెపర్డ్ వంటి పెద్ద జాతులలో తుంటి కీలు, మోచేతి కీలు సరిగా అమరకపోవడం ప్రధానమైన సమస్య. డాబర్‌మన్‌లో గుండె కండరం సాగి బలహీనపడే జబ్బు ఉంది. అది పైకి ఏ లక్షణమూ కనిపించకుండానే ముదిరి హఠాత్తుగా ప్రాణం తీయగలదు. కావలియర్ కింగ్ చార్లెస్ స్పానియల్‌లో గుండె మైట్రల్ కవాటం చిన్న వయసులోనే పాడవడం ఎక్కువ. డాల్మేషన్‌లో పుట్టుచెవుడు, డాక్స్‌హుండ్‌లో వెన్నెముక డిస్కులు జారడం, చిన్న జాతులలో మోకాలి చిప్ప పక్కకు తప్పడం, పగ్, బుల్‌డాగ్, ఫ్రెంచ్ బుల్‌డాగ్ వంటి చప్పిముక్కు జాతులలో ఊపిరి ఆడకపోవడం తరచుగా కనిపిస్తాయి. ఏ జాతికి ఏ పరీక్షలు చేయించాలన్న జాబితాలు ఆయా జాతుల క్లబ్బుల దగ్గర దొరుకుతాయి. అమెరికాలోని ఓ.ఎఫ్.ఏ. అనే సంస్థ కూడా ఇలాంటి జాబితాను అందరూ చూసేలా ఇంటర్నెట్‌లో ఉంచింది.

రెండు జాతులను కలిపి పుట్టించిన పిల్లలకు ఏ జబ్బూ రాదన్న ప్రచారాన్ని నమ్మకండి. లాబ్రడార్‌కూ, పూడిల్‌కూ తుంటి కీలు సమస్య ఉంది. క్రమంగా చూపు పోగొట్టే ఒకే రకమైన జన్యులోపం కూడా రెండింటిలోనూ ఉంది. అలాంటప్పుడు వాటి సంకరానికి ఆ లోపం రాదని ఎవరూ హామీ ఇవ్వలేరు. సంకరజాతి పిల్లల తల్లిదండ్రులకు కూడా అవే పరీక్షలు జరిగి ఉండాలి.

2. మొదటి సంభాషణలో ఏం వినాలి

ఫోన్‌లో మాట్లాడేటప్పుడు ధర, రంగు, ఎప్పుడు ఇస్తారు అన్న ప్రశ్నలతో మొదలుపెట్టకుండా, మీ ఇల్లు ఎలాంటిదో, ఎవరెవరు ఉంటారో, కుక్క రోజుకు ఎంతసేపు ఒంటరిగా ఉండవలసి వస్తుందో మీరే చెప్పండి. బాధ్యత గల బ్రీడర్ దాన్ని అందిపుచ్చుకుని ఇంకా లోతుగా అడుగుతారు. ఇంతకుముందు కుక్కను పెంచారా, ఆ కుక్క ఏమైంది, ఇల్లు అద్దెదైతే యజమాని ఒప్పుకున్నారా, మీరు ఊరికి వెళితే ఎవరు చూస్తారు అన్న ప్రశ్నలు కొందరికి చికాకు తెప్పించవచ్చు. నా అభిప్రాయంలో ఇంతకంటే మంచి గుర్తు మరొకటి లేదు. పిల్ల ఎక్కడికి వెళుతుందో పట్టించుకోనివారు అది ఎక్కడి నుంచి వచ్చిందో కూడా పట్టించుకుని ఉండరు.

పిల్లలు ఎప్పుడడిగినా సిద్ధంగా ఉన్నాయంటే అనుమానించండి. కుక్క చూలు మోసే కాలం సుమారు 63 రోజులు, ఆ తరువాత పిల్లలు తల్లి దగ్గర కనీసం ఎనిమిది వారాలు ఉండాలి. ఒకటో రెండో తల్లికుక్కలు ఉన్న ఇంట్లో ఏడాది పొడుగునా పిల్లలు ఉండే అవకాశమే లేదు. నాలుగైదు జాతుల పిల్లలు ఒకేచోట దొరుకుతున్నాయంటే అక్కడ జరుగుతున్నది ఉత్పత్తి, లేదా ఎక్కడి నుంచో తెచ్చి అమ్మడం. మంచి బ్రీడర్ దగ్గర సాధారణంగా వేచి ఉండవలసి వస్తుంది, అది నెలలు పట్టవచ్చు. ఆ నిరీక్షణకు మనసు సిద్ధపరచుకోని కొనుగోలుదారే మోసగాళ్లకు సులువుగా చిక్కుతాడు.

అరుదైన రంగు, అతి చిన్న సైజు అని గొప్పగా చెప్పి ఎక్కువ ధర అడిగేవారిని వెంటనే వదిలేయవచ్చు. మెర్ల్ అనే మచ్చల రంగు ఉన్న రెండు కుక్కలను జతకట్టిస్తే, ప్రతి పిల్లకూ ఆ జన్యువు రెండు వైపుల నుంచీ వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. అలాంటి పిల్లలు చెవుడుతోనో, కంటి లోపాలతోనో, రెండింటితోనో పుట్టే ప్రమాదం చాలా ఎక్కువ. చేతిలో ఇమిడేంత చిన్నవిగా పుట్టించిన పిల్లలలో రక్తంలో చక్కెర పడిపోవడం, మాడు ఎముకలు పూడకపోవడం వంటి ఇబ్బందులు ఉంటాయి. ఇవి తెలిసీ ఆ రంగునూ, ఆ సైజునూ ఆకర్షణగా అమ్మడం నాకు క్షమించరానిదిగా తోస్తుంది.

3. తల్లిదండ్రుల వైద్య పరీక్షల నివేదికలు అడగండి

ఈ మొత్తం పరిశీలనలో అన్నిటికంటే ఎక్కువ సమయం ఇవ్వవలసినది దీనికే. "మా కుక్కలను డాక్టర్ చూశారు, ఆరోగ్యంగా ఉన్నాయి" అన్న మాట వైద్య పరీక్ష కాదు. మామూలు పశువైద్యుడు గుండె విని, కళ్లు చూసి, బరువు తూచి రాసిన కాగితం ఆ రోజుకు కుక్క బాగుందని మాత్రమే చెబుతుంది. ఎక్స్‌రే తీయనిదే తుంటి కీలు లోపలి అమరిక తెలియదు. జాతి జబ్బుల కోసం జరిపే పరీక్షలు వేరు, వాటి నివేదికలు వేరు.

తుంటి కీలుకు తీసిన ఎక్స్‌రేను నిపుణులు చదివి గ్రేడు ఇస్తారు. ఓ.ఎఫ్.ఏ. పద్ధతిలో కుక్కకు 24 నెలలు నిండిన తరువాతే తుది గ్రేడు ఇస్తారు. పెన్‌హిప్ అనే మరో పద్ధతిలో 16 వారాల వయసు నుంచే కీలు ఎంత వదులుగా ఉందో కొలవవచ్చు. అనేక దేశాల కెన్నెల్ క్లబ్బులు సభ్యులుగా ఉన్న ఎఫ్.సి.ఐ. పద్ధతిలో ఏ నుంచి ఈ వరకు గ్రేడులు ఉంటాయి, ఏ అంటే లోపం లేదని అర్థం. బ్రిటన్ పద్ధతిలో రెండు తుంట్లకూ కలిపి 0 నుంచి 106 వరకు మార్కులు వేస్తారు, ఎంత తక్కువైతే అంత మేలు. మీ ముందున్న కాగితం ఏ పద్ధతికి చెందినదో తెలిస్తే తప్ప అందులోని అంకెకు అర్థం ఉండదు కాబట్టి, ఆ విషయం తప్పకుండా అడగండి. ఏడాది వయసు కుక్కకు ఓ.ఎఫ్.ఏ. తుది గ్రేడు ఉందని ఎవరైనా అంటే, ఆ మాటలో ఎక్కడో పొరపాటు ఉంది.

కొన్ని పరీక్షలు ఒకసారి చేయించి ఊరుకునేవి కావు. కళ్ల పరీక్షను నేత్ర నిపుణుడైన పశువైద్యుడు చేయాలి, సంతానానికి వాడుతున్నంత కాలం ఏటా చేయించాలి. డాబర్‌మన్ గుండెకు ఎకో పరీక్షతో పాటు 24 గంటల పాటు గుండె లయను నమోదు చేసే హోల్టర్ రికార్డింగ్ కూడా ఏటా అవసరం. కావలియర్ విషయంలో నిపుణులు సూచించిన పద్ధతి ఇంకా కఠినమైనది: రెండున్నరేళ్లు నిండి, గుండెలో అపశ్రుతి లేదని తేలిన కుక్కనే జతకట్టించాలి, పైగా ఆ కుక్క తల్లిదండ్రుల గుండెలు కూడా ఐదేళ్ల వయసులో బాగుండి ఉండాలి. అంటే మీరు కొనబోయే పిల్ల అవ్వాతాతల నివేదికలు కూడా బ్రీడర్ దగ్గర ఉండాలన్నమాట. ఆలస్యంగా బయటపడే జబ్బులున్న ఏ జాతికైనా ఈ పద్ధతే సరైనదని నేను నమ్ముతాను. డాల్మేషన్ పిల్లల చెవులకు, వినికిడిని కొలిచే బేర్ అనే పరీక్షను సుమారు ఐదారు వారాల వయసులో చేయవచ్చు. ఒక చెవి మాత్రమే వినిపించే పిల్లను చప్పట్లు కొట్టి గుర్తించలేం కాబట్టి, రెండు చెవుల ఫలితాలూ విడివిడిగా రాసిన నివేదిక చూడండి.

చప్పిముక్కు జాతులను ఎంచుకునేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. కుక్కను కాసేపు పరుగెత్తించి, దానికి ముందూ తరువాతా ఊపిరి శబ్దాన్ని విని 0 నుంచి 3 వరకు గ్రేడు ఇచ్చే పరీక్ష ఒకటి ఉంది. గ్రేడు 3 వచ్చిన కుక్కను సంతానానికి వాడకూడదు. ఈ పరీక్ష చేయించారా, తల్లికుక్క సహజంగా ఈనిందా లేక ప్రతిసారీ ఆపరేషన్ చేసి పిల్లలను తీయవలసి వచ్చిందా అని సూటిగా అడగండి.

డి.ఎన్.ఏ. పరీక్షల గురించి ఒక విషయం స్పష్టంగా తెలిసి ఉండాలి. చాలా జన్యులోపాలు తల్లి నుంచీ, తండ్రి నుంచీ రెండు ప్రతులూ వచ్చినప్పుడే జబ్బుగా మారుతాయి. ఒక ప్రతి మాత్రమే ఉన్న కుక్కను వాహకం అంటారు, అది జీవితాంతం ఆ జబ్బు లేకుండానే ఉంటుంది. వాహకాన్ని, ఆ లోపం ఏమాత్రం లేని కుక్కతో జతకట్టిస్తే పిల్లలలో ఏ ఒక్కదానికీ ఆ జబ్బు రాదు. కాబట్టి "తల్లి ఈ లోపానికి వాహకం, అందుకే తండ్రిగా లోపం లేని కుక్కను ఎంచుకున్నాను" అని చెప్పే బ్రీడర్‌ను చూసి భయపడకండి. ఆలోచించి పని చేసేవారి మాట అది. రెండు వాహకాలను జతకట్టించడం మాత్రం తప్పు. అలాగే డి.ఎన్.ఏ. నివేదిక ఎంత పొడవుగా ఉన్నా తుంటి కీలు గురించి గానీ, చాలా రకాల గుండె జబ్బుల గురించి గానీ అది సరిపడా చెప్పలేదు. ఎక్స్‌రే, ఎకో నివేదికలు అడిగినప్పుడు డి.ఎన్.ఏ. కాగితం చూపించి సరిపెట్టే ప్రయత్నం తరచుగా కనిపిస్తుంది.

ప్రతి నివేదికలోనూ కుక్క రిజిస్టర్డ్ పేరు, మైక్రోచిప్ నంబరు ఉన్నాయా, అవి మీకు చూపించిన కుక్కకు సరిపోతున్నాయా అని సరిచూడండి. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం అమర్చిన చిప్‌కు 15 అంకెల నంబరు ఉంటుంది. ఓ.ఎఫ్.ఏ. దగ్గర నమోదైన ఫలితాలను కుక్క పేరుతో ఇంటర్నెట్‌లో మీరే వెదకవచ్చు. పెడిగ్రీ పత్రం వీటికి ప్రత్యామ్నాయం కాదు. అది వంశాన్ని చెబుతుంది, ఆరోగ్యాన్ని చెప్పదు.

4. ఈ జతను ఎందుకు ఎంచుకున్నారో అడగండి

ఈ తల్లికి ఈ తండ్రినే ఎందుకు ఎంచుకున్నారు? ఈ ప్రశ్నకు బ్రీడర్ ఇచ్చే జవాబులోనే వారి స్థాయి తెలిసిపోతుంది. తల్లిలో ఫలానా లోపం ఉంది, దాన్ని సరిదిద్దడానికి ఫలానా గుణం ఉన్న మగకుక్కను వెదికాను అని చెప్పగలిగినవారు తమ కుక్కలను నిజాయితీగా చూడగలిగినవారు. తన కుక్కలో ఏ లోపమూ లేదనేవారు, మగకుక్క ఇంట్లోనే ఉంది కాబట్టి దాటించామనేవారు అసలు ఎంపికే చేయలేదు.

ఆ రెండు కుక్కల మధ్య చుట్టరికం ఎంత దగ్గరదో కూడా అడగండి. అన్నాచెల్లెళ్లను, లేదా తండ్రినీ కూతురినీ జతకట్టిస్తే పిల్లలలో అంతఃప్రజనన గుణకం, అంటే ఒకే పూర్వికుడి జన్యువు తల్లి వైపు నుంచీ, తండ్రి వైపు నుంచీ వచ్చే అవకాశం, 25 శాతం అవుతుంది. తల్లినో తండ్రినో ఒకరినే పంచుకున్న కుక్కల మధ్య అయితే అది 12.5 శాతం. ఇవి వెనుకటి తరాలలో ఏ బంధుత్వమూ లేదనుకున్నప్పటి లెక్కలు. ఉంటే అంకె ఇంకా పెరుగుతుంది. ఈ గుణకం పెరిగిన కొద్దీ దాగి ఉన్న లోపాలు బయటపడే అవకాశమూ పెరుగుతుంది. ఎన్ని తరాల వంశాన్ని తీసుకుని లెక్కకట్టారో చెప్పగలిగే బ్రీడర్ ఈ విషయాన్ని పట్టించుకున్నట్టే.

తల్లికుక్క వయసు, ఇంతకుముందు ఎన్నిసార్లు ఈనింది, ఈతకూ ఈతకూ మధ్య ఎంత విరామం ఇచ్చారు అన్నవి తరువాతి ప్రశ్నలు. ఓ.ఎఫ్.ఏ. తుది తుంటి గ్రేడు రెండేళ్లకు గానీ రాదు కాబట్టి, ఏడాది వయసులోనే ఈనిన కుక్కను ఆ గ్రేడు లేకుండానే జతకట్టించి ఉంటారని అర్థం. ఎదకు వచ్చిన ప్రతిసారీ దాటించి, ఈనించి, శక్తి ఉడిగాక వదిలించుకునే చోట్ల నుంచి పిల్లను కొనకండి. సంతానానికి పనికిరాని వయసు వచ్చిన కుక్కలు ఇప్పుడు ఎక్కడ ఉన్నాయని అడిగి, వీలైతే వాటిని చూడండి. జతకట్టించే ముందు రెండు కుక్కలకూ బ్రూసెల్లా పరీక్ష చేయించారా అన్నది కూడా ముఖ్యమే. ఆ వ్యాధి గర్భస్రావాలకు కారణమవుతుంది, మనుషులకూ సోకుతుంది.

5. వెళ్లి, తల్లిని చూడండి

తల్లి ఉన్న చోటికి వెళ్లి, పిల్లలను తల్లితోనే చూడండి. దారి మధ్యలో కలుద్దాం, మేమే తెచ్చి ఇస్తాం, తల్లి వేరే చోట ఉంది అన్న మాటలలో దేనికీ మినహాయింపు ఇవ్వకండి. ఇంగ్లండ్‌లో 2020 ఏప్రిల్ 6 నుంచి అమలులోకి వచ్చిన లూసీ చట్టం ఆరు నెలల లోపు కుక్కపిల్లలను దళారులు అమ్మడాన్ని నిషేధించింది. బ్రీడింగ్ ఫారంలో చిక్కి శల్యమై, అక్కడి నుంచి బయటపడిన ఒక కావలియర్ పేరునే ఆ చట్టానికి పెట్టారు. మీరు ఉన్న చోట అలాంటి చట్టం ఉన్నా లేకపోయినా, ఆ నియమాన్ని మీకు మీరే పెట్టుకోండి. చాలా దూరమైతే వీడియో కాల్‌లో చూడవచ్చు, కానీ అప్పటికప్పుడు తల్లి దగ్గరికి నడవమని, పిల్లలుండే గదంతా చూపించమని అడగండి. ఫొటోలను నమ్మే ముందు అవే ఇంకెక్కడైనా ఉన్నాయేమో ఇంటర్నెట్‌లో చిత్రాన్ని పెట్టి వెదకండి.

మగకుక్క అక్కడ లేకపోవడం తప్పు కాదు. సరైన జతకోసం దూరాన ఉన్న మగకుక్కను ఎంచుకోవడం మంచి బ్రీడర్లు తరచుగా చేసే పనే. దాని నివేదికలు, యజమాని వివరాలు ఉంటే చాలు.

తల్లికుక్క స్వభావాన్ని శ్రద్ధగా గమనించండి. చిన్న పిల్లలున్న తల్లి కొత్తవారిని చూసి కాస్త అప్రమత్తంగా ఉండడం సహజం, కానీ యజమాని పక్కన ఉన్నప్పటికీ మూలకు ఒదిగి వణికే తల్లి, ఆగకుండా మీదికి దూకే తల్లి పిల్లలకు ఆ గుణాన్ని జన్యువుల ద్వారానూ, పెంపకం ద్వారానూ ఇస్తుంది. పాలిస్తున్న తల్లి కొంచెం చిక్కి ఉండవచ్చు. ఎముకలు తేలి, బొచ్చు రాలి, పుండ్లతో ఉండకూడదు. పిల్లల కళ్లలో పుసి, ముక్కు కారడం, దగ్గు, నీళ్ల విరేచనాలు, ఒళ్లు సన్నగా ఉండి పొట్ట మాత్రం ఉబ్బి ఉండడం వంటివి కనిపిస్తే ఆగిపోండి. ఆ స్థితిలో ఉన్న పిల్లను చూసి జాలితో కొనేయాలనిపిస్తుంది. అది ఎంతో మంచి మనసు నుంచి వచ్చే కోరికే, కానీ మీరు ఇచ్చే డబ్బు ఆ తల్లిని మళ్లీ చూలు చేయడానికే ఉపయోగపడుతుంది. కొనకుండా బయటికి వచ్చి, జంతు సంక్షేమ అధికారులకో, సంస్థలకో తెలియజేయండి.

పిల్లలు ఎక్కడ పెరుగుతున్నాయన్నది కూడా చూడండి. మూడో వారం నుంచి సుమారు పన్నెండు, పద్నాలుగు వారాల వరకు కుక్కపిల్ల మెదడు కొత్తవాటిని భయం లేకుండా స్వీకరించగల దశలో ఉంటుంది. ఆ కాలంలో సగానికి దగ్గరగా గడిచేది బ్రీడర్ ఇంట్లోనే. పిల్లలు ఇంటి చప్పుళ్ల మధ్య, రకరకాల నేలల మీద, రకరకాల మనుషుల చేతుల్లో పెరుగుతున్నాయా, లేక వెనుక షెడ్డులో బోనుకే పరిమితమయ్యాయా? పడుకునే చోటు, మలమూత్రాలకు చోటు వేరుగా ఉన్నాయా? మొదటి నుంచీ తన మలంలోనే పడుకున్న పిల్లకు తరువాత శుభ్రత నేర్పడం ఎంతో కష్టం.

6. టీకాల కార్డును చదవడం నేర్చుకోండి

పిల్లలకు తల్లి కడుపులోనే నులిపురుగులు సోకుతాయి కాబట్టి, రెండో వారం నుంచి రెండు వారాలకొకసారి పురుగుల మందు వేస్తారు. మొదటి టీకా ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య వేస్తారు. తల్లి పాల ద్వారా వచ్చిన రక్షణ టీకాను పని చేయనివ్వకపోవచ్చు కనుక, రెండు నుంచి నాలుగు వారాల విరామంతో 16 వారాలు నిండే వరకు మళ్లీ మళ్లీ వేయాలి. ఈ లెక్క తెలిస్తే, ఎనిమిది వారాల పిల్లకు "టీకాలన్నీ అయిపోయాయి" అనే మాట నిజం కాదని మీకే అర్థమవుతుంది. కార్డులో టీకా సీసా మీది స్టిక్కరు, బ్యాచ్ నంబరు, తేదీ, పశువైద్యుడి సంతకం ఉండాలి.

7. పాత కొనుగోలుదారులతో మాట్లాడండి

గత నెలలో పిల్లను తీసుకున్నవారి ప్రశంస మీకు ఉపయోగపడదు. ఆ బ్రీడర్ దగ్గర నాలుగైదేళ్ల క్రితం పిల్లలను తీసుకున్న ఇద్దరు ముగ్గురి నంబర్లు అడగండి. కుక్క ఇప్పుడు ఎలా నడుస్తోంది, గుండె, కళ్లు ఎలా ఉన్నాయి, సమస్య వచ్చినప్పుడు బ్రీడర్ ఫోన్ ఎత్తారా, అదే ఈత పిల్లల గురించి ఏమైనా తెలుసా అని వారిని అడగండి. ఎంత జాగ్రత్తపడినా కొన్ని పిల్లలకు జబ్బు రావచ్చు. జబ్బు వచ్చిందని తెలిశాక బ్రీడర్ ఆ తల్లిదండ్రులను మళ్లీ జతకట్టించారా, మానేశారా అన్నదే అసలు తేడా.

8. ఒప్పందం, డబ్బు

ఒప్పందం రాతలో ఉండాలి. ఏ కారణంతోనైనా, ఏ వయసులోనైనా మీరు కుక్కను ఉంచుకోలేకపోతే తిరిగి తీసుకుంటామన్న వాక్యం అందులో లేకపోతే నేను ముందుకు వెళ్లమని చెప్పను. వంశపారంపర్య జబ్బు బయటపడితే ఏం చేస్తారో కూడా స్పష్టంగా రాయాలి. "జబ్బున్న పిల్లను తిరిగి ఇస్తే మరో పిల్లను ఇస్తాం" అన్న షరతు ఒక్కటే ఉంటే జాగ్రత్తపడండి, అప్పటికే దాన్ని ప్రేమించిన కుటుంబం తిరిగి ఇవ్వలేదని రాసినవారికి తెలుసు. కుక్క పేరు మీద బ్రీడర్‌కు కూడా యాజమాన్యం ఉంటుందనో, మీ కుక్కను వారు చెప్పినప్పుడు ఈనించాలనో ఉన్న షరతులను ఒకటికి రెండుసార్లు చదవండి. నివేదికలు చూడకుండా, తల్లిని చూడకుండా అడ్వాన్సు ఇవ్వకండి. ఈరోజే డబ్బు పంపకపోతే పిల్ల వేరేవారికి వెళ్లిపోతుందని తొందరపెడితే వెళ్లిపోనివ్వండి.

ఏ పిల్ల మీకు తగినదో చెప్పే అవకాశం బ్రీడర్‌కు ఇవ్వండి. మీరు ఒక గంట చూస్తారు, వారు ఎనిమిది వారాలుగా రోజూ చూస్తున్నారు. ఒకే ఈతలోని రెండు పిల్లలను కలిపి తీసుకెళ్లమని ప్రోత్సహించేవారి కంటే, వద్దని నచ్చజెప్పేవారే మీ మేలు కోరినవారు.

9. పిల్లను తెచ్చుకునే రోజు, ఆ తరువాత

ఎనిమిది వారాలు నిండక ముందు పిల్లను తీసుకోకండి. చిన్న జాతుల బ్రీడర్లు ఇంకా ఎక్కువ కాలం ఉంచుకుంటామంటే సంతోషంగా ఒప్పుకోండి. టీకాల కార్డు, పురుగుల మందు తేదీలు, తల్లిదండ్రుల నివేదికల నకళ్లు, మైక్రోచిప్ వివరాలు, సంతకాలు చేసిన ఒప్పందం, ఇప్పుడు తింటున్న ఆహారం కొన్ని రోజులకు సరిపడా అడిగి తీసుకోండి. రెండు మూడు రోజులలోపు, బ్రీడర్‌తో సంబంధం లేని పశువైద్యుడికి చూపించండి. గుండెలో అపశ్రుతి, బొడ్డు దగ్గర హెర్నియా, మగపిల్లలో వృషణాలు కిందికి దిగకపోవడం, పళ్ల అమరిక వంటివి ఆ పరీక్షలో తెలుస్తాయి. ఏదైనా తేలితే డాక్టరు రాసిన కాగితాన్ని అదే రోజు బ్రీడర్‌కు పంపండి.

ఏ లోపమూ లేకపోయినా ఆ సంబంధాన్ని తెంచుకోకండి. మీ కుక్కకు రెండేళ్లు నిండాక తుంటి ఎక్స్‌రే తీయిస్తే ఆ ఫలితాన్ని, ఏడో ఏట గుండె పరీక్ష చేయిస్తే దాన్ని కూడా బ్రీడర్‌కు పంపండి. ఆ తల్లిదండ్రుల తోబుట్టువులనో, సంతానాన్నో మళ్లీ జతకట్టించాలా వద్దా అని నిర్ణయించుకునేటప్పుడు వారికి కావలసిన సమాచారం మీ ఇంట్లోనే ఉంటుంది.